కెమెరా ‘నువ్వు’ అంటుందా, ‘మీరు’ అంటుందా?

ప్రశ్న: సార్, నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను. మాది పల్నాడులో ఒక చిన్న పట్టణం. స్నేహితులతో కలిసి ఫోనుతో తొమ్మిది నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాను. కథ చిన్నదే. బట్టలు కుట్టే తండ్రి, చదువు పూర్తయిన కొడుకు. కొడుక్కి పూణేలో ఉద్యోగం వస్తుంది. ఆ మాట తండ్రికి చెబుతాడు. తండ్రి ఏమీ అనడు. లేచి వచ్చి, కొత్త చొక్కా కోసం కొడుకు భుజం కొలత తీసుకుంటాడు. తండ్రిగా మా నాన్నగారే నటించారు, మా దుకాణంలోనే తీశాం. మొత్తం 61 షాట్లు. వీడియోలు చూసి నేర్చుకుని లో యాంగిల్, హై యాంగిల్, డచ్ యాంగిల్, టాప్ యాంగిల్ అన్నీ వాడాను. ఒక రోజు డ్రోను కూడా అద్దెకు తెచ్చాం. చూసినవాళ్లు బాగుందనే అంటున్నారు, కానీ ఎవరి మనసుకూ తగిలినట్టు లేదు. మా అత్తయ్య మాత్రం, ‘వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకుంటున్నారా, బయట ఇంకెవరైనా ఉన్నారా?’ అని అడిగింది. ఎక్కడ ఏ షాటు, ఏ యాంగిల్ వాడాలో నియమాలేమైనా ఉంటే చెప్పండి. మంచి కెమెరా కొంటే ఈ సమస్య తీరుతుందా?

సమాధానం: ముందుగా మీ అత్తయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి. మీ సినిమా చూసినవాళ్లందరిలో ఆవిడే సరిగ్గా చూశారు.

నేను మీ సినిమాను రెండుసార్లు చూశాను, రెండోసారి శబ్దం ఆపేసి. మాటలూ సంగీతమూ లేకపోతే కెమెరా చేసిన పని ఒక్కటే తెర మీద మిగులుతుంది. మీరూ ఒకసారి అలా చూడండి, కాస్త కష్టంగానే ఉంటుంది. కథ మంచిది. మీ నాన్నగారు ఎక్కడా నటించలేదు, రోజూ మిషను ముందు ఎలా కూర్చుంటారో అలాగే కూర్చున్నారు. డబ్బిచ్చినా దొరకని సంగతి అది. వచ్చిన చిక్కల్లా కెమెరాతోనే. అది ఒక్కచోట కుదురుగా నిలబడలేదు.

ముందు మీ అత్తయ్య అడిగిన మాటకు జవాబు చెబుతాను, అది తేలిగ్గా తేలుతుంది. మొదటి షాటులో మీ నాన్నగారు తెరకు ఎడమ పక్కన మిషను ముందు కూర్చుని కుడివైపు చూస్తున్నారు. అబ్బాయి కుడి పక్కన గుమ్మంలో నిలబడి ఎడమవైపు చూస్తున్నాడు. ఇంతవరకూ బాగుంది. ఆ తరువాత అబ్బాయి క్లోజప్పు కోసం, వెలుతురు అక్కడ బాగుందని కాబోలు, మీరు కటింగ్ బల్ల అవతలికి వెళ్లారు. అక్కడి నుంచి చూస్తే అతను కుడివైపు చూస్తాడు. తండ్రి చూపూ కుడికే, కొడుకు చూపూ కుడికే. ఇద్దరూ కలిసి ఎవరో మూడో మనిషితో మాట్లాడుతున్నట్టుంది.

మాట్లాడుకునే ఇద్దరి కళ్లకూ మధ్య ఒక దారం లాగి కట్టారనుకోండి. మీ ఇంట్లో దారానికి కొదవ లేదు కనుక నిజంగానే కట్టి చూడవచ్చు. కెమెరా ఎప్పుడూ ఆ దారానికి ఒక పక్కనే ఉండాలి. ఆ పక్కన ఎక్కడికైనా జరగవచ్చు, దగ్గరకు పోవచ్చు, దూరంగా రావచ్చు, వంగవచ్చు, బల్ల ఎక్కవచ్చు. దారం మాత్రం దాటకూడదు. పుస్తకాల్లో దీన్ని 180 డిగ్రీల సూత్రం అంటారు. సెట్‌లో ఇమాజినరీ లైన్ అనీ, ఇంకా పొట్టిగా ‘లైను’ అనీ అంటారు. ఎవరు ఎటు చూస్తున్నారో దాన్ని ‘లుక్’ అంటారు. లుక్ రాసుకోవడం అసిస్టెంట్ డైరెక్టర్ల పని.

ఆ పని నేనూ చేశాను, చేసి చెడగొట్టాను కూడా. కొత్తగా చేరిన రోజుల్లో ఒక అన్నాచెల్లెళ్ల సన్నివేశం తీశాం. అన్న క్లోజప్పులు ఒక రోజు, చెల్లెలివి పదకొండు రోజుల తరువాత, ఆ నటికి అప్పటికి గానీ తీరిక లేదు. లుక్ పుస్తకం నా చేతిలోనే ఉంది. అందులో ‘కుడి’ అని నా అక్షరాలే. అది కెమెరాకు కుడో, నటుడికి కుడో నేను రాసుకోలేదు. నటుడు కెమెరాకు ఎదురుగా నిలబడితే అతని కుడి మనకు ఎడమ అవుతుంది. ఎడిటింగ్ గదిలో రెండు క్లోజప్పులూ పక్కపక్కన పెట్టినప్పుడు అన్నాచెల్లెళ్లు ఒకరి వెనుక ఒకరు బస్సులో కూర్చున్నట్టు వచ్చారు. ఆ గదిలో నన్ను ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. అప్పటి నుంచీ ఇప్పటిదాకా ‘కెమెరా కుడి’ అని పూర్తిగా రాస్తాను.

మీ తప్పు దిద్దుకోవడానికి ఎవరో ఒకరు ఒక ఉపాయం చెబుతారు: ఎడిటింగ్‌లో ఆ బొమ్మను అద్దంలో లాగా తిప్పేస్తే సరిపోతుందని. తిప్పి చూడండి. చొక్కా జేబు కుడి పక్కకు వస్తుంది, గోడ మీది క్యాలెండరులో అంకెలు తిరగబడతాయి. టైలరు కథలో జేబు తప్పు వైపు ఉంటే మీ ఊళ్లో తలెత్తుకుని తిరగలేరు. ఆ క్లోజప్పు మళ్లీ తీయడమే మేలు. నిజంగా లైను దాటాల్సిన అవసరమే వస్తే దానికీ పద్ధతి ఉంది. షాటు నడుస్తుండగానే కెమెరాను అవతలికి జరపవచ్చు, అప్పుడు చూసేవాళ్లూ దానితోపాటు నడుస్తారు. లేదా మధ్యలో ఏ పక్కకూ చెందని షాటు ఒకటి, మీ విషయంలో ఎదురుగా తీసిన మిషను సూది, పెట్టి దాటవచ్చు. జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు ఈ లైనును అసలు ఖాతరు చేయలేదు. ఆయన సంగతి మళ్లీ వస్తుంది. మీరు మాత్రం ఓ పది సినిమాలు తీశాక ఆ పని చేయండి.

ఇక అసలు ప్రశ్న. ఎక్కడ ఏ షాటు?

మనం ఒకరిని పలకరించే ముందు ‘నువ్వు’ అనాలా ‘మీరు’ అనాలా అని లోపల తేల్చుకుంటాం. వయసు, చుట్టరికం, పరిచయం, అప్పటి మనసు అన్నీ కలిసి ఒక్క క్షణంలో తేలిపోతాయి. పదేళ్లుగా ‘మీరు’ అన్న మనిషి ఒక రోజు ఉన్నట్టుండి ‘నువ్వు’ అన్నారంటే ఏదో జరిగిందన్నమాట. చనువు పెరిగి ఉండాలి, లేదా కోపం వచ్చి ఉండాలి. షాటు సైజు కూడా ఇలాంటి పిలుపే. చూసేవాడికీ తెర మీది మనిషికీ మధ్య ఎంత చనువు ఉందో అది చెబుతుంది.

లాంగ్ షాటులో వీధి, దుకాణాలు, వాటి మధ్య ఒక మనిషి. ‘బస్టాండు దగ్గర టైలరు’ అంటామే, అంతే పరిచయం. తల నుంచి పాదాల దాకా కనిపిస్తే ఫుల్ షాట్, మనిషి నడక, వాలకం తెలుస్తాయి. నడుము దాకా వస్తే మిడ్ షాట్. గుమ్మంలో నిలబడి మాట్లాడేవాళ్లు ఒకరికొకరు కనిపించేది దాదాపు ఇలాగే, ఇది ‘మీరు’ దూరం. ఛాతీ దాకా వస్తే మిడ్ క్లోజప్, ముఖం ఒక్కటే ఉంటే క్లోజప్. ఆ దూరంలో మనం ‘నువ్వు’ అనే వాళ్లనే చూస్తాం. కన్ను ఒక్కటీ, పెదవి ఒక్కటీ నింపే ఎక్స్‌ట్రీమ్ క్లోజప్ దూరానికి మన జీవితంలో ఎంతమంది వచ్చి ఉంటారు? తల్లి, పిల్లలు, జీవిత భాగస్వామి, కంటి డాక్టరు.

మీ సినిమాలో మొదటి నిమిషంలోనే మీ నాన్నగారి ముఖం మూడుసార్లు తెరనిండా వచ్చింది. ఆయనెవరో మాకు ఇంకా తెలియదు. పరిచయం కూడా కాకుండా వచ్చి భుజం మీద చెయ్యి వేసి ‘ఏరా’ అన్నట్టుంది. అంతకన్నా నష్టం ఏమిటంటే, ఆరో నిమిషంలో కొడుకు పూణే మాట చెప్పినప్పుడు ఆయన ముఖం నిజంగా చూడాలనిపిస్తుంది. అప్పటికే ఇరవైసార్లు చూసేశాం. దగ్గరకు వెళ్లడానికి ఇంకా దగ్గర మిగల్లేదు.

తొలి రోజుల్లో ఈ బాధ ఎవరికీ లేదు. 1895 డిసెంబరు 28న పారిస్‌లో ల్యూమియర్ సోదరులు టిక్కెట్టు పెట్టి చూపించిన చిన్న చిత్రాల్లో, మరుసటి ఏడాది జులై 7న బొంబాయి వాట్సన్స్ హోటల్లో వేసిన చిత్రాల్లో కెమెరా పెట్టిన చోట పెట్టినట్టే ఉండేది. ఆ తరువాతి కథాచిత్రాల్లోనూ చాలాకాలం కెమెరా నాటకం హాలులో మొదటి వరుస మధ్య కుర్చీలో కూర్చున్న మనిషి లాంటిదే. ఆ కుర్చీలోంచి లేచి రంగస్థలం మీదికి ఎక్కి, నటుడి ముఖం దాకా వెళ్లవచ్చని తెలుసుకున్నాకే సినిమాకు సొంత భాష వచ్చింది. మీ తరానికి వచ్చిన ఇబ్బంది దీనికి తలకిందులు. ఫోను జేబులో ఉంది, ఎక్కడికైనా వెళ్లగలదు. అందుకని అన్నిచోట్లకీ వెళ్లిపోతోంది.

సైజు మారిస్తే మార్చినట్టు తెలియాలి. మీరు మిడ్ షాట్ నుంచి ఇంకొంచెం దగ్గరి మిడ్ షాట్‌కు, అదే వైపు నుంచి, నాలుగుసార్లు కట్ చేశారు. అది షాటు మారినట్టు ఉండదు, బొమ్మ గతుక్కుమన్నట్టు ఉంటుంది. కెమెరాను కనీసం 30 డిగ్రీలు పక్కకు జరపాలని పాతవాళ్లు చెప్పింది ఇందుకే. సైజు కూడా ఒక మెట్టు దాటించండి.

ఇంకో చిన్న సంగతి, టైలరుగారి అబ్బాయికి వెంటనే అర్థమవుతుంది. ఫ్రేము అంచు మనిషి కీళ్ల దగ్గర పడకూడదు. మెడ, మోచెయ్యి, మణికట్టు, మోకాలు, చీలమండ, ఈ చోట్ల కోస్తే మనిషి అక్కడికే తెగిపోయినట్టు ఉంటాడు. కీలుకు కాస్త పైనో కిందో కోస్తే మిగిలినది మన కన్నే పూరించుకుంటుంది. మోకాలికి పైన, తొడ మధ్యలో కోసే షాటును అమెరికన్ షాట్ అంటారు. కౌబాయ్ సినిమాల్లో నడుముకు వేలాడే తుపాకీ కనపడాలి కనుక అక్కడిదాకా చూపించేవారట. మీ నాన్నగారికి తుపాకీ లేదు గానీ మెడలో టేపు ఉంది. అది రెండు కొసలూ కనపడేలా వేలాడాలంటే మీకూ ఆ షాటే సరిపోతుంది.

ఇప్పుడు యాంగిల్ గురించి. ఇక్కడ మీరు పెద్ద పొరపాటు చేశారు, తెలియకుండా చేశారు.

మిషను ముందు స్టూలు మీద కూర్చున్న మనిషి కళ్లు నేల నుంచి దాదాపు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. మీరు నిలబడి ఫోను పట్టుకుంటే అది అయిదడుగుల దగ్గర ఉంటుంది. మీ నాన్నగారిని తీసిన షాట్లు దాదాపు అన్నీ మీరు నిలబడి తీసినవే. అంటే సినిమా పొడుగునా ఆయన్ని మేము పైనుంచి కిందికి చూశాం. నెత్తి, వంగిన మెడ, అరిగిన చొక్కా కాలరు. కొడుకును మాత్రం గుమ్మంలో నిలబెట్టి ఎదురుగా చూశాం. మీ కథలో పెద్దమనిషి తండ్రి. మీ కెమెరా ఆయన్ని తొమ్మిది నిమిషాలు చిన్నబుచ్చింది. మీరు హై యాంగిల్ అని లెక్కపెట్టుకున్నవి మూడే, నా లెక్కలో ముప్ఫై దాటాయి.

ఐ లెవెల్ అంటే కళ్ల ఎత్తు అని అందరూ చెబుతారు, ఎవరి కళ్లో చెప్పరు. తీసేవాడి కళ్లు కావు, తెర మీది మనిషి కళ్లు. మన ఇళ్లల్లో జీవితం సగం నేల మీదే నడుస్తుంది. కూర తరిగేది పీట మీద కూర్చుని, పిల్లలు అన్నం తినేది చాప మీద, పెద్దవాళ్లు సాయంత్రం కూర్చునేది అరుగు మీద. వీళ్లలో ఎవరిని తీయాలన్నా తీసేవాడు కూడా కూర్చోవాలి. ఓజు చేసింది అదే. జపాను ఇళ్లల్లోనూ అప్పట్లో జనం చాప మీదే కూర్చునేవారు, ఆయన కెమెరాను నేలకు అంత దగ్గరగా దించేశాడు, దాదాపు ఎప్పుడూ 50 మిల్లీమీటర్ల లెన్సే వాడాడు. లెక్క ప్రకారం చాలావరకు లో యాంగిలే, కానీ ఎవరూ మనమీద పెత్తనం చేస్తున్నట్టు ఉండరు. మనమూ వాళ్లింటికి వెళ్లి చాప మీద కూర్చున్నట్టు ఉంటుంది.

అందుకే ‘లో యాంగిల్ అంటే బలం, హై యాంగిల్ అంటే బలహీనత’ అనే సూత్రాన్ని బట్టీపట్టకండి. అది సగమే నిజం. మన పౌరాణికాల్లో దేవుడు విశ్వరూపం ఎత్తినప్పుడు కింది నుంచి చూపిస్తే చేతులు వాటంతటవే జోడించుకుంటాం, నిజమే. కానీ 1941లో వచ్చిన అమెరికన్ సినిమా సిటిజన్ కేన్ చూడండి. కథానాయకుడు ఎన్నికల్లో ఓడిపోయిన రాత్రి, ఖాళీ కార్యాలయంలో స్నేహితుడు అతన్ని నిలదీసే సన్నివేశం ఉంది. దాన్ని ఇంకా కింది నుంచి తీయాలని దర్శకుడు ఆర్సన్ వెల్స్, కెమెరామన్ గ్రెగ్ టోలండ్ స్టూడియో నేలనే తవ్వించి కెమెరాను గుంతలో పెట్టారు. అంత కింది నుంచి చూస్తే పైకప్పు కనపడుతుంది, సెట్లకు అప్పట్లో పైకప్పు ఉండేది కాదు, అందుకని గుడ్డతో పైకప్పు కట్టారు. తెర మీద ఆ మనిషి కొండంత కనిపిస్తాడు. ఓడిపోయిన కొండ. పైకప్పు నెత్తిన కూర్చుని ఉంటుంది. సూత్రం ప్రకారం అది హై యాంగిల్‌లో తీయాల్సిన సన్నివేశం. అలా తీసి ఉంటే పాపం అనిపించేది, ఈ రోజు దాన్ని గురించి మాట్లాడుకునేవాళ్లం కాదు.

డచ్ యాంగిల్ గురించి రెండు మాటలు చాలు. దానికీ హాలెండుకూ సంబంధం లేదు, జర్మన్లు తమ భాషను ‘డాయిచ్’ అంటారు, ఆ మాటే అలా మారిందంటారు. బొమ్మను ఒక పక్కకు వంచితే లోకం ఒరిగిపోయినట్టు, మనసులో ఏదో చెడినట్టు ఉంటుంది. మీ సినిమాలో అబ్బాయి టీ తాగుతుంటే ఫ్రేము ఒరిగింది. టీలో ఏదో కలిపారేమోనని చివరిదాకా ఎదురుచూశాను.

డ్రోను డబ్బులు పోతేపోయాయి. అయిదు డ్రోను షాట్లలో మొదటిది, సాయంత్రం మీ వీధి, వరుసగా రేకుల కప్పులు, అది ఉంచుకోండి. మిగిలిన నాలుగూ తీసేయండి. చివర్లో భుజం కొలత తీసే సన్నివేశాన్ని నిచ్చెన ఎక్కి టాప్ యాంగిల్‌లో తీశారు చూడండి, అక్కడ మాత్రం నాకు నిజంగా బాధ కలిగింది. తొమ్మిది నిమిషాలు ఆ ఒక్క క్షణం కోసమే కూర్చున్నాం. చూస్తే రెండు తలకాయలు, ఒక టేపు.

ఫోను సంగతులు రెండు చెప్పి సన్నివేశంలోకి వెళతాను. మీ క్లోజప్పుల్లో ముఖాలు ఉబ్బినట్టు వచ్చాయి, ముక్కు ముందుకు వచ్చింది. అది మీ నాన్నగారి తప్పు కాదు. ఫోను ప్రధాన కెమెరా సాధారణంగా 24, 26 మిల్లీమీటర్ల వైడ్ లెన్సుతో, అంటే ఎక్కువ మేర పట్టే లెన్సుతో సమానం. దానితో ముఖం తెరనిండా రావాలంటే బాగా దగ్గరకు పోవాలి. ఫోను ముక్కుకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉందనుకోండి, చెవులు దాదాపు 42 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. దగ్గరున్నది పెద్దగా కనిపిస్తుంది కనుక ముక్కు చెవులకన్నా 40 శాతం సాగుతుంది. అదే రెండు మీటర్లు వెనక్కు జరిగితే ఆ తేడా ఆరు శాతానికి పడిపోతుంది. కాబట్టి వెనక్కు జరిగి, ఫోనులో రెండు రెట్ల లెన్సు పెట్టుకుని తీయండి. ఆకారాన్ని మార్చేది దూరమే, లెన్సు ఆ దూరం నుంచి ఎంత మేర కత్తిరించాలో మాత్రమే తేలుస్తుంది. రెండోది, దుకాణంలో ట్యూబులైటు కింద తీసిన షాట్లలో నల్లటి చారలు కదులుతున్నాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. ఫోనును సెకనుకు 25 ఫ్రేములకు, షట్టరును, అంటే ఒక్కో ఫ్రేముకు వెలుతురు పడే సమయాన్ని, సెకనులో 50వ వంతుకు మార్చితే ఆ చారలు పోతాయి.

సరే, ఆ సన్నివేశాన్ని మళ్లీ తీద్దాం. 61 అక్కరలేదు, ఏడు షాట్లు.

దుకాణం లోపలి మూలలో స్టూలు వేసి, దాని మీద పుస్తకాలు పేర్చి, ఫోను మీ నాన్నగారి కళ్ల ఎత్తుకు వచ్చేలా నిలబెట్టండి. ఎడమ పక్కన మిషను, ఆయన. కుడి పక్కన గుమ్మం, బయటి వెలుతురు. మధ్యలో కటింగ్ బల్ల, వేలాడే చొక్కాలు. ఇది మాస్టర్ షాట్, సన్నివేశం మొదటి నుంచి చివరిదాకా ఒక్క ముక్కగా తీసి పెట్టుకోండి. ఎడిటింగ్‌లో ఎక్కడ ఇరుక్కున్నా దీని దగ్గరకే పరిగెత్తుకొస్తారు. మిషను చప్పుడు మీద మొదలవుతుంది. కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడతాడు, వెనుక వెలుతురు కనుక ముఖం కనపడదు. కనపడకపోతేనే మంచిది. ఇద్దరి మధ్యా ఉన్న ఎనిమిదడుగుల ఖాళీ కనపడుతుంది, ఈ సన్నివేశంలో మూడో పాత్ర అదే. ఒక ఇరవై సెకన్లు ఓపిక పట్టండి, కట్ చేయకండి.

రెండోది కొడుకు మిడ్ షాట్. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక బల్ల మీది సుద్దముక్క తీసి వేళ్ల మధ్య తిప్పుతాడు. మూడోది తండ్రి మిడ్ షాట్, తల గుడ్డ మీదే. నాలుగోది తండ్రి భుజం మీదుగా కొడుకు. పుస్తకాల్లో ఓవర్ ది షోల్డర్ అంటారు, మన సెట్లలో సజెషన్ షాట్ అంటారు. ఎదుటి మనిషి భుజం అంచు ఫ్రేములో ఉండటం వల్ల ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారని ఆ షాటే సాక్ష్యం చెబుతుంది. మీ అత్తయ్యకు వచ్చిన అనుమానం ఇక రాదు. ఇక్కడ కొడుకు అంటాడు, ‘పూణేలో వచ్చింది నాన్నా. ఒకటో తారీఖున చేరాలి.’

ఆ మాట అయ్యేటప్పుడు ఎవరి ముఖం చూపించాలి? మీరు ఇద్దరివీ మార్చి మార్చి ఆరుసార్లు చూపించారు. నేనైతే ముఖమే చూపించను. అయిదో షాటు, మిషను కింద. పెడల్ మీద ఆడుతున్న మీ నాన్నగారి పాదం. ఫోనును నేలకు ఆనించి, పాదం పక్క నుంచి, క్లోజప్. ‘నాన్నా’ అన్నప్పుడు ఆడుతూనే ఉంటుంది. ‘చేరాలి’ అన్నప్పుడు ఒక్కసారిగా ఆగదు, రెండు తొక్కులు నెమ్మదించి ఆగుతుంది. చప్పుడు కూడా దానితోనే ఆగుతుంది. అప్పటిదాకా మిషను చప్పుడు ఉందని కూడా మరిచిపోయి ఉంటాం.

ఆరోది, తండ్రి క్లోజప్. సినిమా మొత్తానికి ఇదొక్కటే, అందుకే మిగిలినవన్నీ తీసేయమంటున్నాను. ఆయనకు బాధపడమని చెప్పకండి. సూది బెజ్జంలోంచి జారిన దారం కొస వెతుక్కోమనండి, చాలు. రష్యాలో లెవ్ కులెషోవ్ అనే ఆయన ఒక నటుడి ఒకే ముఖాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికించి చూపిస్తే, జనం ఆకలినీ దుఃఖాన్నీ ఎంత బాగా నటించాడో అని మెచ్చుకున్నారని చెబుతారు. ముఖం మారలేదు, పక్కనున్న షాటు మారింది. ఆగిన పాదం చూసిన కళ్లతో మీ నాన్నగారి ముఖం చూస్తే, అక్కడ ఏముండాలో చూసేవాళ్లే పెట్టుకుంటారు.

ఏడోది కొలత. మళ్లీ మొదట పెట్టిన మూలకే రండి, అదే స్టూలు, ఇంకో నాలుగు పుస్తకాలు ఎక్కువ. తండ్రి లేచి, ఆ ఎనిమిదడుగులూ నడిచి, కొడుకు వెనుకకు వచ్చి టేపు తీస్తారు. ఇద్దరూ నిలబడి, ఇద్దరూ ఒకే ఫ్రేములో, పక్క నుంచి, తొడల దాకా. ఎత్తు మీ నాన్నగారి కళ్లదే, ఇప్పుడు నిలబడ్డారు కనుక కెమెరా కూడా ఆయనతోపాటు లేచింది. మీ సినిమాలో ఆ అబ్బాయి ఆయనకన్నా నాలుగంగుళాలు పొడుగు. టేపు భుజం మీద పెట్టేటప్పుడు కాస్త మోకాళ్లు వంచుతాడు, మీరు చెప్పకుండానే వంచాడు, మీ టాప్ షాటులోనూ వంచాడు గానీ అది మీ కెమెరాకు కనపడలేదు. కట్ చేయకండి. దగ్గరకు కూడా వెళ్లకండి. మొదటి షాటులో ఉన్న ఖాళీని ఈసారి తండ్రే నడిచి పూరించారు, మీరు జూమ్ చేసి పూరించకూడదు.

ఇదంతా తీసే ముందు కాగితం మీద గీసుకోండి. బాపు గారు సన్నివేశాలను ముందే బొమ్మలుగా వేసుకునేవారు. ఆయన చెయ్యి మనకు రాదు కాబట్టి గుండ్రానికి తల, గీతకు ఒళ్లు చాలు. పక్కన చూపు ఎటో బాణం గుర్తు, కెమెరా కుడా, నటుడి కుడా అన్నది కూడా. ఫిల్మ్ రోజుల్లో 400 అడుగుల రోలు 4 నిమిషాల 26 సెకన్లలో అయిపోయేది, ఆ భయానికి అందరూ ముందే ఆలోచించేవారు. మీకు ఆ భయం లేదు కనుక ఏడు గళ్లు గీసి, ఎనిమిదో గడి గీయవద్దని స్నేహితులకు చెప్పి పెట్టుకోండి.

కొత్త కెమెరా ఇప్పుడు వద్దు. ఆ డబ్బులో చాలా కొంచెంతో గట్టి ట్రైపాడ్ ఒకటి కొనండి, కాళ్లు పూర్తిగా ముడిస్తే రెండడుగులకన్నా కిందికి దిగేది చూసుకోండి. మిషను కిందికి అది కూడా పట్టదు, అక్కడ బట్టల మూటే నయం.

ఆదివారం దుకాణం మూసి ఉన్నప్పుడు తీయండి, మీ నాన్నగారికి గిరాకీ పాడవదు. తీశాక ముందు నాకు పంపకండి. మీ అత్తయ్యకు చూపించండి, శబ్దం ఆపేసి.